నూనె తినే జీవిని దేవుణ్ణి చెయ్యకు

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం స్థిమితంగా కూర్చుని చదివాను. చెయ్యి తిరుగుతోంది, సంతోషం. చిక్కల్లా మూడో పేరాతోనే. సముద్రంలో నూనె పడితే తినే బ్యాక్టీరియా ఉంది కాబట్టి దిగులు లేదని తేల్చేశావు. అందులో సగం నిజం, అందుకే నాకు భయం.

నువ్వు చెప్పిన ఆ బ్యాక్టీరియా, ఆల్కనివొరాక్స్, ఉన్నమాట నిజమే. శుభ్రమైన నీళ్లలో ఎక్కడో అరకొరగా ఉంటుంది, నూనె పడిందంటే ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంది. కానీ అది పెళ్లిలో మొదటి పంక్తి. నూనెలో తేలిగ్గా విరిగే గొలుసు అణువులు, అంటే ఆల్కేన్లు, తినేసి లేస్తుంది. వలయాల్లా బిగుసుకున్న మొండి ఆరోమాటిక్ పదార్థాలు సైక్లోక్లాస్టికస్ లాంటి వేరే బ్యాక్టీరియాల వంతు. వాటికీ కొరుకుడుపడని బరువైన సరుకు తారు ముద్దలై ఒడ్డుకొస్తుంది. ఈలోగా నూనె గిట్టని జాతులు ఇసుకలో తగ్గిపోతాయి. తినడానికొచ్చినవాళ్ల గురించే రాశావు గానీ, ఖాళీ చేసి పోయినవాళ్ల గురించి ఒక్క ముక్కా లేదు. నా దృష్టిలో అసలు కథ వాళ్లదే.

పైగా ఆ తినేవాటికి నూనె ఒక్కటే చాలదు, నత్రజని, భాస్వరం, ఆక్సిజన్ కావాలి. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నూనె ఒలికినప్పుడు ఒడ్డున ఎరువు చల్లారు. (సముద్రానికి ఎరువేమిటని మనవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, చదువుతారు.) అయినా గాలాడని అడుగు పొరల్లో దశాబ్దాల తర్వాత కూడా నూనె దొరికింది.

2010 ఏప్రిల్‌లో మన గోపాల్‌పూర్ దగ్గర ఓడ నుంచి ఫర్నేస్ ఆయిల్ అనే చిక్కటి ఇంధనం కారింది. అదే నెల 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే రిగ్ పేలింది. నువ్వు దాని గురించి పేజీ నింపి, మనదాన్ని వదిలేశావు. ఇదేం న్యాయం?

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లు. తాబేళ్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది, వాటి జోలికి పోకు. తారు ముద్ద దొరికితే ఎండలో అరచేతిలో పెట్టుకో. మెత్తబడుతుంది, ఇసుక, గవ్వ పెంకులు అంటుకుని ఉంటాయి, ఆ మరక సబ్బుకి పోదు, కిరసనాయిలు కావాలి. బురద దగ్గర చెయ్యి పెట్టి తవ్వితే కింద నల్ల పొర, కుళ్లిన గుడ్డు వాసన వస్తాయి. ఆక్సిజన్ లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ వాసన రాశాక సైన్సు పేర్లు రెండు చాలు, తొమ్మిది పెట్టి పాఠకుడికి టెన్షన్ పెట్టకు.

తర్వాత జాలరి పేటలో బోటు ఇంజన్లు బాగుచేసేవాళ్ల దగ్గర కూర్చో. పాత ఆయిల్ ఎక్కడ పారబోస్తారో అడుగు. తప్పుపడుతున్నట్టు అడిగితే చెప్పరు. ముందు టీ తాగు, వల ధరలు మాట్లాడు. ఓడ ప్రమాదం ఎప్పుడో ఒకసారి, ఇది రోజూ జరిగేది.

మూడో పేరా కొట్టేసి, దీనితో మళ్లీ రాసి పంపు.

ఉంటాను.