మెట్‌ఫార్మిన్, పశువుల నులిపురుగుల మందు క్యాన్సర్‌కు పనిచేస్తాయా?

రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న మీ అమ్మగారికి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్, పశువుల నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్ కూడా వేస్తే కణితికి తిండి అందదని ఎవరో చెప్పారని, మొదలుపెట్టవచ్చా అని అడిగారు. వైద్యుడికి చెప్పకుండా ఒక్క మాత్ర కూడా వేయకండి. మా అక్కకు ఇదే జబ్బు వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఈ మాటే నడిచింది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అక్కకు ముందునుంచే షుగరు ఉంది కాబట్టి మెట్‌ఫార్మిన్ వాడుతూనే ఉంది. పలకరించడానికి వచ్చిన బంధువు ఒకరు ఆ మోతాదు పెంచమన్నారు. ఇంకొకరు పశువుల మందుల దుకాణం నుంచి ఫెన్‌బెండజోల్ తెచ్చిపెట్టారు. తరువాతి కీమోకు వెళ్లినప్పుడు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరుగారి బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్క అట్టా తిప్పి చదివి, పశువుల మందును పక్కకు నెట్టేశారు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న రోగులున్నారు, కీమో మందుల భారం ఇప్పటికే ఆ కాలేయం మీద ఉంది అన్నారు. మెట్‌ఫార్మిన్ పెంచవద్దన్నారు. పైగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అది ఆపి వెంటనే ఫోను చేయమన్నారు. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు మందగిస్తే ఆ మందు పేరుకుపోయి, రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరగవచ్చు. ఈ ముక్క మాకు ఎవరూ అంతకుముందు చెప్పలేదు.

కణితికి తిండి అందకుండా చేయాలన్న ఆలోచనలో పస లేదని కాదు. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజును విపరీతంగా లాక్కుని లాక్టేటుగా మారుస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. క్యాన్సర్‌ను వెతకడానికి తీసే పెట్ స్కాన్ ఆ ఆకలినే చూపిస్తుంది. మెట్‌ఫార్మిన్ కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనిని తగ్గిస్తుంది. అయితే ప్రయోగశాలలో కణాల మీద పోసే మోతాదు, మాత్ర మింగితే రక్తంలోకి చేరేదానికంటే చాలా రెట్లు ఎక్కువ. షుగరు లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో కెనడా పరిశోధకులు నడిపిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. సగం మందికి మెట్‌ఫార్మిన్, మిగతావారికి మందు లేని మాత్ర ఇచ్చారు. హార్మోన్ల ప్రభావంతో కణితి పెరిగే (హార్మోన్ పాజిటివ్) రోగుల్లో జబ్బు తిరగబెట్టడం తగ్గలేదు. హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకంలో కొంత మేలు కనిపించినా, అది మళ్లీ పరీక్షించి తేల్చవలసిన సూచన మాత్రమే.

కణం జీవక్రియను అడ్డుకునే మందులకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే పెద్ద దారి వేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుంటుంది. దానితో రక్త క్యాన్సర్ పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్లవాతానికీ ఇస్తున్నారు, వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. మోతాదు అంత పెద్ద విషయమండీ.

అమ్మగారికి సరిపోయే క్లినికల్ ట్రయల్ (మందును రోగుల మీద పద్ధతిగా పరీక్షించే అధ్యయనం) ఏదైనా ఉందేమో డాక్టరుగారిని అడగండి. అక్కడైతే రక్తపరీక్షలు చూస్తూ ఇస్తారు. ఆమెకు షుగరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, వాంతులైన రోజు ఏ మాత్ర ఆపాలో తరువాతి కీమోకు ముందే కాగితం మీద రాయించుకోండి.