"తిరగేసి గుణించు" అని చెప్పే ముందు

మీరు అడిగింది ఇది: 6, 7, 8 తరగతుల పిల్లలు సూత్రాలు బట్టీ పట్టి మార్కులైతే తెచ్చుకుంటున్నారు, అదే లెక్క కాస్త తిప్పి అడిగితే బిక్కమొహం వేస్తున్నారు, పోనీ అర్థమయ్యేలా చెబుదామంటే సిలబస్ అవదు, ఏం చేయాలి?

పద్దెనిమిదేళ్లుగా ఈ మూడు తరగతులకే లెక్కలు చెబుతున్నాను. నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరూ ముందు అటే వెళ్లే అవకాశం ఎక్కువ.

భిన్నాల భాగహారాన్ని మొదట్లో అందరిలాగే "రెండోదాన్ని తిరగేసి గుణించండి" అని చెప్పేదాన్ని. పది నిమిషాల్లో క్లాసంతా పట్టేసేది. అది నాకే నచ్చక, కొన్నేళ్ల తర్వాత కాగితం మడతలు, రంగుల బొమ్మలు మొదలుపెట్టాను. పిల్లలు సరదా పడ్డారు, పరీక్షలో కూడా బొమ్మలు చక్కగా గీశారు. నేనేదో సాధించానని పొంగిపోయాను. ఒకరోజు, ఎప్పుడూ తొంభై దాటి మార్కులు వచ్చే ఒక అమ్మాయి నోట్సు దిద్దుతున్నాను. 3/4 ÷ 1/8 కి బొమ్మ గీసి, రంగు వేసి, 6 అని రాసింది. ఊరికే అడిగాను: "ముప్పావులో ఎనిమిదో వంతులు ఎన్ని ఉంటాయి?" తను కాసేపు నా మొహంలోకి చూసి, "ఇది గుణకారమా టీచర్, భాగహారమా?" అంది. సమాధానం తన చేతి కిందే ఉంది.

ఆరోజు నాకు తెలిసొచ్చింది. తనకు ఆ బొమ్మ కూడా ఇంకో సూత్రమే. ముందు పెట్టె గీయాలి, తర్వాత గీతలు, తర్వాత రంగు, చివర్లో లెక్కపెట్టాలి. బొమ్మలు, పరికరాలు, వీడియోలు తెచ్చినంత మాత్రాన అర్థం దానంతటదే రాదు. వాటినీ బట్టీ పట్టొచ్చు, పిల్లలు అందులో ఘనులు.

రిచర్డ్ స్కెంప్ అనే గణిత విద్యావేత్త 1976లో రాసిన వ్యాసంలో ఈ తేడాను కొత్త ఊరితో పోల్చి చెప్పాడు. ఇక్కడ కుడికి, అక్కడ ఎడమకు అని దారి గుర్తుపెట్టుకున్నవాడు ఒక్క మలుపు తప్పితే చాలు, గల్లంతే. ఊరి పటం బుర్రలో ఉన్నవాడు ఎక్కడ తప్పిపోయినా ఎలాగోలా చేరుకుంటాడు. మీ పిల్లలు లెక్క తిప్పితే ఆగిపోతున్నది ఇందుకే.

నేను మార్చుకున్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఒకటుంది: లెక్క చేసేముందే సమాధానం ఎంత ఉండొచ్చో చెప్పించడం. పెన్ను పట్టకూడదు. అమెరికాలో 1978 ప్రాంతంలో దేశమంతటా జరిపిన పరీక్షలో పదమూడేళ్ల పిల్లల్ని 12/13 + 7/8 సుమారుగా ఎంత అని అడిగారు. ఇచ్చిన సంఖ్యలు 1, 2, 19, 21. రెండూ ఒకటికి దగ్గరగా ఉన్నవే, కాబట్టి మొత్తం 2కి దగ్గర. కానీ 2 అన్నవాళ్లు 24 శాతమే. 19, 21 అన్నవాళ్లు కలిపి సగానికి పైనే: పైవి పైవి, కిందవి కిందవి కూడేశారన్నమాట. ఇదే లెక్క నేనూ ఏటా 7వ తరగతికి ఇస్తాను. ఒకసారి ఒక కుర్రాడు పెన్ను వద్దన్నా వినకుండా డెస్కు కింద క.సా.గు. 104 అని కట్టి, 187/104 అని సరిగ్గానే తేల్చాడు. "ఇది రెండుకు దగ్గరా, ఇరవైకి దగ్గరా?" అంటే దిక్కులు చూశాడు. పద్ధతి పూర్తిగా వచ్చు, చేతిలో ఉన్నది ఎంతో తెలియదు.

ఇందులో మనం చదివే తీరు పాత్ర కూడా ఉందని నా అనుమానం. పిల్లలు 2/3 ని "టూ బై త్రీ" అంటారు. అందులో వినిపించేవి రెండు అంకెలు, మధ్యలో ఒక గీత. "మూడింట రెండు వంతులు" అనండి, చేయాల్సిందంతా పేరులోనే ఉంది: మూడు భాగాలు చేశాం, రెండు తీసుకున్నాం. ఏ మీడియం పిల్లలైనా సరే, మొదటి రెండు వారాలు నా క్లాసులో భిన్నాన్ని ఇలాగే చదవాలి. మొదట్లో నవ్వుతారు, తర్వాత అలవాటైపోతుంది.

ఇప్పుడు భాగహారం ఎలా చెబుతానో కాస్త వివరంగా రాస్తాను. 6 ÷ 2 ని "ఆరులో రెండ్లు ఎన్ని?" అని చదివిస్తాను. తర్వాత 6 ÷ 1. తర్వాత 6 ÷ 1/2 రాసి, సమాధానం ఆరు కన్నా ఎక్కువా తక్కువా అని చేతులెత్తిస్తాను. "భాగిస్తే తగ్గాలి కదా" అని ముప్పావు వంతు క్లాసు తక్కువ వైపే. నేను నోరు మెదపను. ఎవరో ఒకరు "ఒక్కోదాంట్లో రెండేసి అరలున్నాయి కదా" అంటారు, అక్కడ గొడవ మొదలవుతుంది. ఆ గొడవకు పది నిమిషాలు వదిలేస్తాను. ఆ తర్వాత 3/4 ÷ 1/8. ముప్పావు అంటే ఎనిమిదింట ఆరు వంతులు, అందులో ఎనిమిదో వంతులు ఆరు. హారం ఒకటైతే అది ఉత్త పేరే, లవాలు చూసుకుంటే చాలు. అలా 2/3 ÷ 3/4 ని 8/12 ÷ 9/12 గా మార్చి, 8 ÷ 9 అంటే 8/9 అని వాళ్లే తేలుస్తారు. ఇలాంటివి పదిహేను చేశాక, 8 ఎక్కడినుంచి వచ్చింది, 9 ఎక్కడినుంచి వచ్చింది అని అడుగుతాను. రెండు నాలుగులు, మూడు మూళ్లు. "అంటే తిరగేసి గుణించినట్టే కదా టీచర్!" ఏటా ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ మాట నేను చెప్పను.

ఇక్కడితో ఆగిపోతే సగమే అయినట్టు. ఒక మీటరు రిబ్బను, ఒక్కో ముక్క 2/3 మీటరు. ఎన్ని ముక్కలు? బొమ్మ గీస్తే ఒక ముక్క పోను 1/3 మీటరు మిగులుతుంది. కాబట్టి ఒకటీ మూడో వంతు అని దాదాపు అందరూ రాస్తారు. తిరగేసి గుణిస్తే వచ్చేది 3/2, అంటే ఒకటిన్నర. ఏది తప్పు? నాకు ఈ లెక్క కన్నా ఇష్టమైనది ఈ పాఠంలో లేదు. మిగిలింది మీటరులో మూడో వంతే, కానీ మనం లెక్కపెడుతున్నది మీటర్లను కాదు, ముక్కలను. ముక్కతో పోలిస్తే అది సగం. ఇది వెలిగిన క్షణం పిల్లల మొహాల్లో కనిపిస్తుంది. కొందరికి ఆరోజు వెలగదు, వారం తర్వాత ఇంకో లెక్క దగ్గర వెలుగుతుంది.

సమీకరణాల్లో అసలు చిక్కు x కాదు, = గుర్తు. 8 + 4 = □ + 5 ఇచ్చి చూడండి. అమెరికాలో 145 మంది 6వ తరగతి పిల్లలకు ఇస్తే అందరూ 12 అనో 17 అనో అన్నారని 1999లో ఒక వ్యాసం వచ్చింది. నా క్లాసులో అంత ఘోరం కాదు గానీ, 12 రాసేవాళ్లు ఏటా ఉంటారు. వాళ్ల దృష్టిలో = అంటే "ఇక్కడ జవాబు రాయి" అని. అలాంటివాళ్లకు మనం "అటు పోతే గుర్తు మారుతుంది" అని నేర్పితే, 3x = 12 లో మూడును అటు పంపి x = 12 – 3 = 9 అని రాస్తారు. వాళ్ల తప్పేముంది, మనం చెప్పినట్టే చేశారు. అందుకే రెండు నెలలపాటు నా క్లాసులో ఏదీ అటు పోదు. రెండు వైపులా ఏం చేశావో చెప్పాలి, అంతే.

రుణ సంఖ్యల గురించి రెండు ముక్కలే. బ్రహ్మగుప్తుడు 628లోనే వీటికి నియమాలు రాశాడు, సొమ్ము, అప్పు అనే మాటలతో. మనం వాడే ధన, రుణ అనే మాటలకు అర్థం కూడా అదే, పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు. కూడిక, తీసివేతలకు అప్పు బాగా పనిచేస్తుంది. రుణాన్ని రుణంతో గుణించడానికి మాత్రం అప్పుల కథ అల్లకండి, అతకదు. 2 × (–2), 1 × (–2), 0 × (–2) వరుసగా రాసి –4, –2, 0 వచ్చాక, తర్వాతి వరుస వాళ్లనే చెప్పమనండి. "మైనస్ మైనస్ ప్లస్" అనే పాట తొందరపడి నేర్పితే –3 – 5 కి 8 అని రాస్తారు.

ఇక సిలబస్ సంగతి. దాచడం ఎందుకు, భిన్నాల భాగహారానికి రెండు పీరియడ్లు పట్టేది ఇప్పుడు ఆరు పడుతోంది. మార్చిన మొదటి ఏడాది యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయి, తల్లిదండ్రులు అడిగారు, పై నుంచి కూడా పిలుపొచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత నిష్పత్తులు, శాతాలు వచ్చినప్పుడు పోయిన పీరియడ్లలో చాలావరకు తిరిగొచ్చాయి, ఎందుకంటే భిన్నం మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా ప్రతి పాఠాన్నీ ఇలా చెప్పలేం, చెప్పక్కర్లేదు కూడా. భిన్నాలు, నిష్పత్తి, = గుర్తు, రుణ సంఖ్యలు, వైశాల్యం: ఈ ఐదు చోట్లే ఆగుతాను. మిగతావి గబగబా నడిపిస్తాను. ఇంటిపని కూడా ఇరవై లెక్కల నుంచి ఎనిమిదికి తగ్గించాను, అందులో ఒకటి ఎవరో చేసిన తప్పు లెక్క. ఎక్కడ తప్పిందో, అతను ఏమనుకుని ఉంటాడో రాయాలి.

ఎక్కాలు మాత్రం కంఠస్థం రావాల్సిందే. అర్థమైతే చాలు, బట్టీ పాపం అనేవాళ్లతో నాకు కుదరదు. ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయే పిల్లవాడికి నిష్పత్తి గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఇంకొకటి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. "ఎలా వచ్చింది?" అని అడగ్గానే పిల్లలు రబ్బరు తీస్తారు. మనం తప్పయినప్పుడే అడుగుతాం కాబట్టి, అడిగితే తప్పనే అర్థం. సరైన సమాధానానికి కూడా అదే గొంతుతో, అదే మొహంతో అడగడం అలవాటు చేసుకోండి. నాకు దాదాపు ఒక టర్మ్ పట్టింది. ఒకరోజు వెనక బెంచీ పిల్లవాడిని అడిగితే, చెయ్యి రబ్బరు దాకా వెళ్లి ఆగింది. పేజీ మళ్లీ పైనుంచి కిందికి చూసుకుని, "రైటే టీచర్, మీరు ఊరికే అడుగుతున్నారు" అని రబ్బరు జేబులో పెట్టుకున్నాడు.