బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు ప్రాణభయం: నేను దాన్ని ఎలా ఎదుర్కొన్నాను

వచ్చే నెల స్లీవ్ ఆపరేషన్‌కు (పొట్టలో ఎక్కువ భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేసే ఆపరేషన్) తేదీ ఖరారైందనీ, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే కొలత) 41 ఉండి షుగర్, బీపీ కూడా ఉన్నాయనీ, అయినా ఆపరేషన్ తర్వాత చనిపోయినవారి వార్తలు చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదనీ, మానుకోవడమే మంచిదేమోననీ మీరు రాశారు. కొన్నేళ్ల క్రితం సోమాజిగూడలోని ఒక ఆస్పత్రిలో నేను ఇదే ఆపరేషన్ చేయించుకున్నాను కాబట్టి ఆ అనుభవంతో జవాబిస్తున్నాను. భయపడవద్దని మాత్రం చెప్పను. అంతకుముందు వెళ్లిన మరో ఆస్పత్రిలో కౌన్సెలర్ ఒకామె "ఏమీ కాదమ్మా, మూడో రోజుకల్లా ఇంటికెళ్లిపోతారు" అంటూ ఈఎంఐ పథకం కాగితం ముందు పెట్టినప్పుడు నా భయం రెట్టింపైంది తప్ప తగ్గలేదు.

ముందుగా అంకెల సంగతి. 2009లో అమెరికాలో వెలువడిన ఎల్‌ఏబీఎస్ అనే పెద్ద అధ్యయనంలో, బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారిలో మొదటి 30 రోజుల్లో మరణించినవారు వెయ్యికి సుమారు ముగ్గురు. అనుభవమున్న కేంద్రాల్లో ఇప్పుడు ఇది వెయ్యికి ఒకరి దగ్గరకు వచ్చింది. అంటే మన చుట్టాల్లో ఎవరో ఒకరు చేయించుకునే ఉండే పిత్తాశయం ఆపరేషన్‌తో పోల్చదగ్గ ప్రమాదం. రెండో పక్కన ఉన్న ప్రమాదాన్ని మనం లెక్కలోకే తీసుకోము. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవారినీ, అదే స్థాయి ఊబకాయంతో మామూలు వైద్యంలోనే ఉండిపోయినవారినీ ఏళ్ల తరబడి గమనించగా, మొదటి వర్గంలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. ఆపరేషన్ మానుకున్నా మీ షుగర్, బీపీ మీతోనే ఉంటాయి గనుక, మానుకోవడాన్ని క్షేమమైన దారిగా లెక్కవేయకండి.

అయితే సగటు అంకె మీ అంకె కాదు, భయమంతా అక్కడే ఉంది. నాకు నిజంగా ఉపయోగపడింది మత్తు డాక్టరుతో జరిగిన సంభాషణ. ఆయన నోరు తెరవమని గొంతు చూసి, టేపుతో మెడ చుట్టుకొలత తీసుకుని, గురక గురించి నన్ను కాకుండా మా వారిని అడిగారు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని మా వారు చెప్పగానే నిద్ర పరీక్షకు రాశారు. దానిలో స్లీప్ ఆప్నియా బయటపడింది. పైన చెప్పిన ఎల్‌ఏబీఎస్ అధ్యయనంలోనే, ఇలా నిద్రలో ఊపిరి ఆగేవారికీ, గతంలో కాళ్లలో రక్తం గడ్డకట్టినవారికీ, సరిగా నడవలేనివారికీ చిక్కులు ఎక్కువని తేలింది. ఆపరేషన్‌కు ముందు వారాల్లో సీపాప్ యంత్రం (మాస్కు ద్వారా గాలి పంపి నిద్రలో ఊపిరి ఆగకుండా చూసేది) పెట్టుకుని పడుకోవడం, దాన్నే ఆస్పత్రికి తీసుకెళ్లడం వల్ల, పేరు తెలియని నా భయాల్లో ఒకటి చేయదగ్గ పనిగా మారింది. కనుక గురకైనా, సిగరెట్ అయినా, గుండెదడ అయినా సిగ్గుపడి దాచవద్దు. గుండెమంట ఉంటే అదీ చెప్పండి, ఎందుకంటే స్లీవ్ తర్వాత అది పెరిగే అవకాశం ఉంది. అటువంటివారికి స్లీవ్‌కు బదులు పొట్ట బైపాస్ (పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే మరో రకం ఆపరేషన్) మేలా అన్నది ఎండోస్కోపీ చూశాక సర్జన్ చెప్పవలసిన మాట. స్లీవ్‌లో పొట్టలో నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు, తిరిగి పెట్టడం ఉండదు కాబట్టి ఈ ప్రశ్న ముందే అడగాలి.

చేతికి పని ఉన్న రోజుల్లో భయం తక్కువగా ఉండేది. మూడు బంతులున్న ఊపిరి పరికరం ఇచ్చారు. మొదట్లో ఒక్క బంతి లేచి కిందపడిపోయేది, మూడోది కొన్ని క్షణాలు పైన నిలిచేసరికి మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. కాలేయం కుంచించుకుపోయి సర్జన్‌కు పొట్ట తేలిగ్గా అందాలని రెండు వారాల పాటు అన్నం, చపాతీ దాదాపు లేకుండా ప్రొటీన్ ఆహారం ఇస్తారు. నా వంతు వచ్చింది రంజాన్ నెలలో. సాయంత్రమయ్యేసరికి వీధి మొదట్లో హలీమ్ భట్టీ మీద నెయ్యి వాసన, ఇంట్లో నా చేతిలో ప్రొటీన్ పొడి కలిపిన గ్లాసు. ఆ పరీక్ష ఆపరేషన్ కన్నా కష్టమని ఇప్పటికీ అంటాను.

బంధువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. "అన్నం మానేస్తే తగ్గదా, కడుపు కోయించుకోవాలా" అని మా పెద్దత్తయ్య అందరి ముందూ అన్నారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసే ఆ భాగంలోనేననీ, మనోబలం ఒక్కటే దానితో ఏళ్ల తరబడి పోరాడలేదనీ ఆవిడకు వివరించే ఓపిక ఆ రోజుల్లో నాకు లేదు. ఆపరేషన్ అయ్యేదాకా ఇద్దరు ముగ్గురికి మించి చెప్పకపోవడమే మేలు.

ఇంకొకటి చేశాను, ఇంట్లో అశుభమన్నారు. ఎల్‌ఐసీ బాండ్లు, బ్యాంకు ఖాతాలు, పిల్లాడి ఫీజు గడువులు ఒక నోటు పుస్తకంలో రాసి, బీరువాలో ఎక్కడుందో మా వారికి చూపించాను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రే హాయిగా నిద్రపట్టింది, ఎందుకంటే నన్ను వేధించినది చావు కన్నా, నా తర్వాత ఇల్లు ఎలా నడుస్తుందన్న ఆలోచనే.

సంతకం చేసే ముందు అంగీకార పత్రాన్ని తెలుగులో చదివి వినిపించమని అడగండి. పొట్టను కోసి స్టేపుల్ చేసిన అంచు నుంచి లీకవడం సుమారు వందలో ఒకరికి జరగవచ్చు, అదీ చాలాసార్లు డిశ్చార్జి అయ్యాక బయటపడుతుంది. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం దాని గుర్తులు. కాలు వాచినా, ఛాతీ నొప్పి వచ్చినా రక్తం గడ్డకట్టిందేమోనని చూడాలి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అందుకే మీ సర్జన్‌ను నేరుగా అడగండి: ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, వాటిలో ఎన్ని లీకయ్యాయి, రాత్రి రెండింటికి నేను ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, సీటీ స్కాన్, ఐసీయూ అదే భవనంలో ఉన్నాయా. జవాబులు తప్పించుకునేలా ఉంటే తేదీ వాయిదా వేసి మరో సర్జన్‌ను కలవండి. ఇది ముందుగా నిర్ణయించుకుని చేయించుకునే ఆపరేషనే కాబట్టి, ఒక నెల ఆలస్యమైనా సాధారణంగా ఇబ్బంది ఉండదు, ఆలోగా మీ షుగర్ కూడా అదుపులోకి రావచ్చు.