బస్తాకు 50 తగ్గింది, కిలోకు 10 పోతోంది

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు. పంటకు 340 బస్తాల మేత పడుతుంది, దిగుబడి ఆరు టన్నులు. డీలర్ అప్పుకు బస్తా 2,500కి ఇస్తాడు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక కట్టాలి, వడ్డీ లేదు. రొక్కానికైతే 2,300. ఇప్పుడు ఇంకో డీలర్ అప్పుకే 2,450 అంటున్నాడు. కాకపోతే సరుకు తనకే, మార్కెట్ కంటే కిలోకు 10 తక్కువకి ఇవ్వాలట. చేతిలో 3 లక్షలున్నాయి. కొత్త డీలర్‌కి మారి, ఈ డబ్బుకు తోడు మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి, ఇంకో రెండెకరాలు లీజుకు తీసుకోవచ్చా? ఇంటి ఖర్చు నెలకు 25 వేలు. ఆరోగ్య బీమా లేదు.

జవాబు: మారొద్దు. లీజు అసలే వద్దండి.

బస్తాకు 50 చొప్పున మీకు మిగిలేది 17 వేలు. కిలోకు 10 చొప్పున పోయేది 60 వేలు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, చెరువు గట్ల మీద రోజూ వినేదే. బస్తా ధర కళ్లముందు ఉంటుంది, రెండోది పట్టుబడి రోజున గానీ కనబడదు.

నలుగురు డీలర్లు పోటీ పడితే ఇలాంటివి వాటంతటవే పోతాయని అనుకుంటాం. పోవు. గబే, లైబ్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో చూపించింది ఇదే. ప్రింటర్ చవగ్గా అమ్మి, సిరా మీద లాభం లాగే కంపెనీల సంగతి తీసుకోండి. సిరా ధర దాస్తున్నారని పోటీ కంపెనీ బయటపెట్టినా, విషయం తెలిసిన కొనుగోలుదారుడు దాని దగ్గరకు రాడు. చవక ప్రింటర్ అక్కడే కొనుక్కుని సిరా పొదుపుగా వాడుకుంటాడు. అందుకే బయటపెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు. తెలియనివాడు కట్టే డబ్బుతో తెలిసినవాడికి చవగ్గా దొరుకుతుంది.

మీ ఊళ్లో రొక్కమిచ్చే రైతుకు 2,300 పడుతోందంటే అందులో మీ 200 వాటా కూడా ఉంది. వడ్డీ లేదన్నారు కదా, చూడండి. మేత పంట పొడుగునా కొద్దికొద్దిగా తెస్తారు కాబట్టి ఒక్కో బస్తా బాకీ సగటున రెండు నెలలు. 2,300 మీద 200 అంటే నూటికి నెలకు నాలుగు రూపాయల పైనే. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే ఇస్తారా? 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు రిటైల్ అప్పులకు ఖర్చులన్నీ కలిపిన ఏడాది వడ్డీని కాగితం మీద చూపించి తీరాలి. డీలర్‌కు ఆ నిబంధన లేదు. ఆ కాగితం మీరే రాసుకోవాలి.

ఇక 3 లక్షలు. ఇందులో లక్షన్నర, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఇంకో బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. మేతకు కూడా ముట్టుకోవద్దు. తెల్లమచ్చ రోగం కనబడితే 30 కౌంట్‌కి (కిలోకు 30 రొయ్యలు) రావాల్సిన సరుకుని చిన్న సైజులో, 100 కౌంట్‌లోనే పట్టేయాలి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ధరలకు ఏమైందో మీకు నేను చెప్పాలా? అలాంటి నెలలో డీలర్ బాకీ, లీజు, బంగారం వడ్డీ మూడూ ఒకేసారి గుమ్మంలో ఉంటాయి. అత్యవసర నిధి లేకుండా బంగారం తాకట్టు పెట్టి సాగు పెంచడం సాహసం కాదు, ఇంటిల్లిపాదినీ పందెం కాయడం.

మిగతా లక్షన్నరతో మొదటి బస్తాలు కొనకండి. ఆఖరి నెల బస్తాలు రొక్కానికి కొనండి. సీడ్ (రొయ్య పిల్లలు) వేసినప్పుడు తెచ్చిన బస్తాకు మూడు నాలుగు నెలలు అప్పు దొరుకుతుంది, ఆఖరి నెలలో తెచ్చినదానికి నెలే. రెండింటికీ పడేది అదే 200. అంటే ఆఖరి బస్తాల మీద నూటికి ఎనిమిది రూపాయల పైనే కడుతున్నారు. పైగా అప్పటిదాకా ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. మధ్యలో జనరేటర్ పాడైనా అప్పుకు పరుగెత్తక్కర్లేదు. ఈ పద్ధతికి ఒప్పుకుంటాడో లేదో సీడ్ వేయకముందే పాత డీలర్‌ని అడగండి.

కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. కిసాన్ క్రెడిట్ కార్డు ఆక్వా రైతులకూ ఇస్తున్నారు, బ్యాంకులో అడిగి చూడండి. లీజు సంగతి, రెండు పంటలు పూర్తిగా రొక్కం మేతతో తీశాక మళ్లీ రాయండి.