పిల్లికూన పదేపదే నీళ్లు తాగుతుంటే ముందుగా దాని ఆహారాన్ని చూడండి

రెండు నెలలు నిండిన మీ పిల్లికూన రోజంతా నీళ్ల గిన్నె చుట్టూనే తిరుగుతోందని, ఇది జబ్బేమోనని అడిగారు. ఇంట్లో పలు ఈతల కూనలను సాకిన అనుభవంతో చెబుతున్నాను: తల్లిపాలు మానే వయసులో ఇది చాలావరకు సహజమే. తల్లిపాలలో దాదాపు 80 శాతం నీరే కనుక పాలు తాగినంతకాలం కూనకు వేరే నీటితో పని పడదు. పొడి గుళికలలో తేమ సుమారు 10 శాతమే కాబట్టి, వాటికి మారగానే ఆ లోటంతా గిన్నెలోంచే పూడ్చుకోవాలి. మా ఇంట్లో తడి ఆహారం తిన్న కూనలు గిన్నెవైపు పెద్దగా చూసేవే కావు. మీరు ఏం పెడుతున్నారో రాయలేదు గాని, గుళికలే అయితే సగం జవాబు అందులోనే ఉంది.

అయితే ఎన్నిసార్లు తాగిందన్నదాని కంటే ఎంత తాగిందన్నదే ముఖ్యం. ఈ వయసులో కూనలు నీళ్లలో పంజా ముంచి, తడిసిన వేళ్లను నాకి, మళ్లీ ముంచుతాయి. చూసేవారికి అది దాహంలా కనిపిస్తుంది, నీళ్లు మాత్రం నేలపాలవుతాయి. అందువల్ల ఒలకని బరువైన గిన్నెలో నీటిని సూదిలేని సిరంజితో కొలిచి పోసి, 24 గంటల తరువాత మిగిలినదాన్ని కొలవండి. అలాంటిదే మరో గిన్నెను కూనకు అందనిచోట ఉంచితే ఆవిరైపోయినదెంతో తెలుస్తుంది, దాన్ని తీసివేయాలి. పెద్ద పిల్లుల విషయంలో కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అతిదాహంగా పరిగణిస్తారు. కూన కూడా ఆ హద్దు చేరుతుంటే పశువైద్యునికి చూపించడం మంచిది.

లెక్క తక్కువగానే ఉన్నా, విరేచనాలు ఉంటే ఆగవద్దు. నులిపురుగులవల్లనో, అరగని ఆవుపాలవల్లనో విరేచనాలైన కూన, పోయిన నీటిని తిరిగి పొందడానికే తాగుతుంది. చిగుళ్లు వేలికి జిగటగా తగలడం, మెడ వెనుక చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తులు. బాగా తాగుతూ, మూత్రం ఎక్కువగా పోస్తూ, తిన్నా బరువు పెరగకపోతే పుట్టుకతో వచ్చిన మూత్రపిండాల లోపాన్ని కూడా పరీక్షించవలసి ఉంటుంది. ఎక్కువ తాగుతోందని గిన్నె మాత్రం తీసేయకండి. జబ్బే ఉంటే, ఆ నీరే దాన్ని నిలబెడుతూ ఉండవచ్చు.