నోరు ఎండిపోతోందా? ముందు ఆ మాత్ర పేరు చూడండి

ప్రశ్న: నా వయసు 54. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మూడు నెలలుగా నోరు ఎండిపోతోంది. సంగటి కూడా నీళ్లు తాగితే తప్ప దిగడం లేదు. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నాను. తుమ్ములకు మందుల షాపులో ఇచ్చిన మాత్ర రోజూ రాత్రి వేసుకుంటున్నాను. లాలాజలం ఎలా తయారవుతుంది? అది పెరగాలంటే ఏమి తినాలి?
- ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: సంగటి నమిలేది కాదు, మింగేది. పులుసులో అద్దితే జారిపోవాలి. అదే దిగడం లేదంటే నోట్లో తడి బాగా తగ్గినట్లే.

చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద ఒక్కో జత గ్రంథులు, ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల్లో వందల కొద్దీ చిన్నవి రక్తంలోని నీటిని, లవణాలను తీసుకుని రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరిస్తాయి. చింతకాయ తలచుకోగానే నోరూరుతుందే, అది నరాలు గ్రంథులకు పంపే కబురు. తుమ్ములకు వాడే మాత్రల్లో కొన్ని, ముఖ్యంగా మత్తుగా నిద్ర పట్టించే పాతరకం, ఆ కబురునే అడ్డుకుంటాయి.

అందుకే నా అనుమానం మొదట ఆ మాత్ర మీదే. దాని పేరైనా రాయలేదు మీరు! వారం రోజులకని ఇచ్చింది మూడు నెలలు మింగితే తప్పు షాపువాడిది ఒక్కడిదే కాదు. మీ వయసు మగవారిలో ఇలాంటి మాత్రలు మూత్రాన్ని కూడా బిగబట్టిస్తాయి. ధార సన్నబడిందేమో గమనించండి. డాక్టరు రాసిచ్చిన బీపీ మాత్రల వంటివి ఉంటే మాత్రం సొంతంగా ఆపవద్దు.

రెండో అనుమానం షుగరు. నోరెండడం, రాత్రి పదేపదే లేవడం కలిసి వస్తే పరగడుపున, తిన్న రెండు గంటలకు రక్తపరీక్ష ఈ వారంలోనే చేయించండి. చూడకుండా ఇదేనని తేల్చలేను.

తిండి సంగతి అడిగారు. చక్కెర లేని చూయింగ్ గమ్ కొంత పనికొస్తుంది. నిమ్మకాయ చప్పరించవద్దు; పళ్లను పులుపు నుంచి కాపాడే లాలాజలమే ఇప్పుడు మీకు తక్కువ. తినేటప్పుడు దవడ కింద వాపు వస్తే గ్రంథి నాళంలో రాయి ఉండవచ్చు, ఆలస్యం చేయకండి.

డాక్టరు దగ్గరకు ఆ మాత్రల అట్ట తీసుకెళ్లండి. 'తెల్లగా, గుండ్రంగా ఉంటుంది' అంటే మాలో ఎవరికీ అర్థం కాదు.