సగం ధర డిస్కు మన ప్లేయరులో ఆడుతుందా?

ప్రశ్న: జులై, నవంబరు నెలల్లో బార్న్స్ అండ్ నోబుల్ పుస్తక దుకాణాల్లో క్రైటీరియన్ సంస్థ వెలువరించే సినిమా డిస్కులు సగం ధరకే వస్తాయని అమెరికాలో ఉన్న మా అమ్మాయి చెబుతోంది. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయాన్ని తెప్పించుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: తెప్పించుకోవచ్చు గాని, ధర కంటె ముందు ప్రాంతీయ కోడ్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయరులో ఆడుతుందో తెలిపే గుర్తు, చూడండి. క్రైటీరియన్ అమెరికాలో అమ్మే బ్లూరేలు (డీవీడీ కంటె స్పష్టమైన బొమ్మనిచ్చే డిస్కులు) సాధారణంగా ‘ఎ’ ప్రాంతానికి పరిమితమై ఉంటాయి. మన దేశం ‘సి’ ప్రాంతంలోకి వస్తుంది కనుక, ఇక్కడ కొన్న మామూలు ప్లేయరు వాటిని ఆడించదు. బ్లూరే కంటె మరింత స్పష్టమైన 4కె అల్ట్రా హెచ్‌డి డిస్కులకు ఈ అడ్డంకి లేదు. అయితే అటువంటి సెట్లలో ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు ఎక్కువగా జతచేసిన బ్లూరేలోనే ఉంటాయి, నా దృష్టిలో సగం విలువ వాటిదే. కాబట్టి అన్ని ప్రాంతాల డిస్కులనూ ఆడించే ప్లేయరును ముందుగా సమకూర్చుకోండి. సముద్రపు గాలి తేమకు అట్టపెట్టెలు బూజు పట్టవచ్చు కనుక, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.